ట్యాకిల్ కంటే ముందు కాళ్లు

హాకీలో డిఫెన్స్ ఎలా మెరుగుపరచుకోవాలి అని అడిగే వాళ్లలో చాలామంది మనసులో ఉన్న అసలు ప్రశ్న వేరే. ఎదుటివాడి దగ్గర్నుంచి బంతి ఎలా లాక్కోవాలి, అంటే ట్యాకిల్ ఎలా చేయాలి, అదీ వాళ్లకు కావాల్సింది. ఫుల్ బ్యాక్‌గా ఆడినన్నాళ్లూ, ఇప్పుడు సాయంత్రాలు జూనియర్లకు డిఫెన్స్ నేర్పిస్తున్నప్పుడూ నాకు కనిపిస్తున్నది మాత్రం ఒకటే: బంతి కోసం ముందుకు దూకే డిఫెండర్‌ను దాటడం మంచి ఫార్వర్డ్‌కు చిటికెలో పని. దూకకుండా, ఎదురుగా ఉంటూనే వెనక్కి జరుగుతూ, తనకు ఇష్టం లేని వైపుకు నెట్టుకుంటూ పోయే డిఫెండర్ అంటేనే వాడికి విసుగు. డిఫెండర్ మొదటి పని బంతి తీసుకోవడం కాదు, బంతి ఎటు పోవాలో, ఎంత ఆలస్యంగా పోవాలో నిర్ణయించడం. అది కుదిరితే చాలాసార్లు బంతి దానంతటదే మన స్టిక్ దగ్గరికి వస్తుంది.

ఎందుకంటే మైదానం పెద్దది. 91.4 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పు. సెంటర్ లైన్ దగ్గర బంతి ఉన్న ఫార్వర్డ్ అక్కడి నుంచి గోల్ కొట్టలేడు. హాకీలో గోల్ లెక్కలోకి రావాలంటే డీ లోపల, అంటే గోల్ ముందు గీసిన D ఆకారపు గీత లోపల, అటాకర్ స్టిక్ బంతికి తగలాలి, ఆ డీ అంచు గోల్ నుంచి 14.63 మీటర్ల దూరంలోనే ఉంటుంది. అంటే అక్కడికి చేరేదాకా వాడి వల్ల నేరుగా వచ్చే ప్రమాదం ఏమీ లేదు. వాడు చేరేలోపు మనవాళ్లు ఎంతమంది వెనక్కి రాగలరన్నదే లెక్క. రెండు సెకన్లు ఆపితే ఒక మిడ్‌ఫీల్డర్ పక్కకు వస్తాడు, నాలుగు సెకన్లు ఆపితే ఇద్దరు. ఇదంతా వదిలేసి సెంటర్ లైన్ దగ్గరే తాడోపేడో తేల్చుకుంటానని మీద పడితే, ట్యాకిల్ తప్పిన మరుక్షణం మన వెనక గోల్ కీపర్ తప్ప ఎవరూ ఉండరు.

సరే, కాళ్ల సంగతి. ఫార్వర్డ్ బంతితో వేగంగా వస్తున్నాడనుకోండి. ఇక్కడ జనం రెండు రకాలుగా పప్పులో కాలేస్తారు. కొందరు కదలకుండా నిలబడి చూస్తుంటారు, వాడు గాలిలా పక్కనుంచి పోతాడు. కొందరు ఎదురు పరుగెత్తుతారు, ఆ వేగంలో ఆగలేరు, వాడు చిన్నగా పక్కకు జరిపితే చాలు. చేయాల్సింది ఈ రెంటికీ మధ్యలో ఉంది. దూరం ఎక్కువున్నప్పుడు వేగంగా దగ్గరికి వెళ్లాలి, నాలుగైదు మీటర్లు మిగిలాయనగా అడుగులు చిన్నవి చేసి బ్రేక్ వేయాలి, వెంటనే వాడు వచ్చే దిశలోనే వెనక్కి కదలడం మొదలుపెట్టాలి. వాడి వేగం కంటే కొంచెం తక్కువ వేగంతో. అలా కదులుతుంటే వాడు మన స్టిక్ అందుకునే దూరంలోకి నిమ్మదిగా వస్తాడు, మనకు చూసుకునే టైమ్ దొరుకుతుంది. వెనక్కి నడవడమంటే మడమల మీద పడిపోతూ నడవడం కాదు. మోకాళ్లు వంగి, నడుము కిందికి దిగి, బరువు పాదాల ముందు భాగం మీద ఉండాలి. స్టిక్ తల టర్ఫ్‌కు దాదాపు ఆనుకునే ఉండాలి. నడుము దగ్గర స్టిక్ పట్టుకుని నిలబడ్డవాడు బంతిని చూసి కిందికి వంగేలోపు అంతా అయిపోతుంది.

రెండు పాదాలూ ఒకే వరసలో పెట్టి గోడలా నిలబడకూడదు. ఎడమ పాదం ముందు, కుడి పాదం వెనక, శరీరం కొంచెం వాలుగా. అలా నిలబడితే కాళ్ల మధ్య నుంచి బంతి పోనివ్వడానికి సందు తగ్గుతుంది, తిరిగి పరుగెత్తడానికి అరక్షణం మిగులుతుంది. ఎడమ పాదమే ఎందుకు ముందు అంటే, దాని వెనక హాకీకే ప్రత్యేకమైన కారణం ఒకటుంది. స్టిక్‌లన్నీ కుడిచేతి వాటం స్టిక్‌లే, ఒకవైపే చదును, ఆ చదును ముఖంతోనూ అంచులతోనూ మాత్రమే బంతి ఆడాలి, గుండ్రటి వెనక భాగం తగిలితే ఫౌల్. కాబట్టి ప్రతి ఆటగాడికీ కుడివైపు బలం, ఎడమవైపు బలహీనం. ఎదురుగా వస్తున్న ఫార్వర్డ్ తన కుడివైపుకు వెళ్తే అది మనకు ఎడమవైపు, అంటే మన రివర్స్ వైపు, స్టిక్ తిప్పి ఆడాల్సిన వైపు. వాడు తన ఎడమకు వెళ్తే మన కుడివైపు, మన ఫోర్‌హ్యాండ్. ఎటు పంపాలో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. వాడు బంతిని తన కుడిపాదం ముందు పెట్టుకుని వస్తాడు, కాబట్టి మనం అర అడుగు మన ఎడమకు జరిగి, మన స్టిక్ తల ఆ బంతికి సూటిగా ఉండేలా నిలబడాలి. వాడికి కుడివైపు దారి మూసుకుపోతుంది, ఎడమవైపు కాస్త ఖాళీ కనిపిస్తుంది. ఆ ఖాళీ మనం కావాలని వదిలింది. వాడు అటు తిరగగానే, ఎడమ పాదం ముందు పెట్టి నిలబడిన మనకు నడుము ఆల్రెడీ అటే తిరిగి ఉంటుంది.

ఈ లెక్క రైట్ బ్యాక్‌కు చక్కగా సరిపోతుంది. సైడ్‌లైన్ తన కుడిపక్కనే ఉంటుంది, ఫోర్‌హ్యాండ్ వైపుకు నెడుతూ పోతే వాడు గీత దాటి బయటికి పోతాడు. లెఫ్ట్ బ్యాక్‌కు మాత్రం తలనొప్పి, దీని గురించి ఎందుకో ఎవరూ పెద్దగా మాట్లాడరు. సైడ్‌లైన్ తన ఎడమ పక్కన, అంటే రివర్స్ వైపు ఉంటుంది. బయటికి నెడదామంటే తన బలహీనమైన వైపుకే పంపాలి, పైగా అటునుంచి వచ్చే రైట్ వింగర్‌కు బంతి ఫోర్‌హ్యాండ్ మీద ఉంటుంది, పరుగెత్తుతూనే డీలోకి గట్టిగా క్రాస్ కొట్టేయగలడు. లోపలికి నెడదామంటే గోల్ ముందుకు తెచ్చినట్టవుతుంది. దీనికి ఒకే సమాధానం లేదు. లోపల మన మిడ్‌ఫీల్డర్ ఉన్నాడా లేదా చూసుకుని, ఉంటే వాడి మీదకే నెట్టాలి, అప్పుడు ఇద్దరి మధ్య ఇరుక్కుపోతాడు. లోపల ఎవరూ లేకపోతే బయటికే పంపి, వాడితో సమానంగా పరుగెత్తుతూ రివర్స్ ట్యాకిల్‌కు సిద్ధంగా ఉండాలి. అందుకే లెఫ్ట్ బ్యాక్ ఆడేవాళ్లకు పరుగు, ఎడమ మణికట్టు రెండూ బలంగా ఉండాలని నేను పట్టుబడతాను. నాకు టీమ్ ఎంచుకునే అవకాశం వస్తే నలుగురు డిఫెండర్లలో ఎక్కువ ఆలోచించేది లెఫ్ట్ బ్యాక్ గురించే.

ఇదంతా ఒంటికి పట్టాలంటే స్టిక్ పక్కన పెట్టి ప్రాక్టీస్ చేయాలి. ఐదు మీటర్ల వెడల్పు, పదిహేను మీటర్ల పొడవున కోన్లు పెట్టి ఒక దారి గీసుకోండి. ఫార్వర్డ్ బంతితో వస్తుంది, డిఫెండర్ చేతులు వెనక్కి కట్టుకుని కేవలం కాళ్లతో ఆమెను ఒక అంచుకు నెట్టాలి. మొదట్లో అందరూ నవ్వుతారు, స్టిక్ లేకుండా డిఫెన్స్ ఏంటి సార్ అని. ఈమధ్య మా దగ్గర ఒక అమ్మాయి ఈ డ్రిల్ చేస్తుంటే చూడముచ్చటేసింది. ఎదురుగా వస్తున్న ఫార్వర్డ్ భుజం కుడికి పడేసింది, నడుము కుడికి తిప్పింది, మామూలుగా అయితే ఎవరైనా అటు పడిపోతారు. ఈ అమ్మాయి కళ్లు బంతి మీద నుంచి కదల్లేదు, బంతి కదల్లేదు కాబట్టి ఆమె కాళ్లూ కదల్లేదు. ఆ తర్వాత బంతి నిజంగా ఎడమకు జరిగింది, చిన్న చిన్న అడుగులతో ఈమె కూడా జరిగింది, మళ్లీ జరిగింది, చివరికి ఫార్వర్డ్ తలెత్తి చూసేసరికి తన పాదం కోన్ బయట ఉంది. స్టిక్ ముట్టుకోకుండా బంతి గెలిచినట్టే. ఆ రోజు నుంచి ఆ డ్రిల్‌కు ఎవరూ నవ్వడం లేదు.

భుజాన్ని, స్టిక్‌ని, ముఖాన్ని చూడొద్దు, బంతినే చూడమని అందరూ చెప్తారు. నిజమే, కానీ ఒకటి కలుపుతాను. డాడ్జ్ చేసే, అంటే మనల్ని ఏమార్చి దాటబోయే ఫార్వర్డ్ బంతిని ఫోర్‌హ్యాండ్ నుంచి రివర్స్‌కు మార్చేటప్పుడు ఒక చిన్న క్షణం స్టిక్ బంతి మీద ఉండదు, మణికట్టు తిప్పి అవతలి వైపుకు వస్తూ ఉంటుంది. అలాగే వేగంగా వచ్చేవాడు బంతిని కాస్త ముందుకు తోసినప్పుడు, స్టిక్‌కీ బంతికీ మధ్య జానెడో మూరెడో ఖాళీ వస్తుంది. పాస్ అందుకుంటున్నప్పుడు మొదటి టచ్ సరిగ్గా కుదరకపోతే అప్పుడూ వస్తుంది. ట్యాకిల్‌కు ముహూర్తం అదే. అది వచ్చేదాకా ఓపిక పట్టాలి, వచ్చాక ఆలోచించకూడదు.

ఇక ట్యాకిల్స్. జాబ్‌తో మొదలుపెట్టాలి. ఎడమచేత్తో మాత్రమే స్టిక్ పట్టుకుని, ఎడమ కాలు ముందుకు వేస్తూ, స్టిక్ ముఖం కొంచెం ఆకాశం వైపు తిప్పి బంతి కింది భాగాన్ని పొడవడం. పాము కాటేసి వెనక్కి తీసుకున్నట్టు ఉండాలి, పొడిచిన స్టిక్ అక్కడే ఉండిపోకూడదు. చాలామంది జాబ్‌లో బరువంతా ముందుకు వేసేస్తారు, తప్పితే ఇక లేవలేరు. నా లెక్కలో మంచి డిఫెండర్ వేసే జాబ్‌లలో సగానికి పైగా బంతి కోసం కాదు, బెదిరించడానికి. స్టిక్ ముందుకు వచ్చేసరికి ఫార్వర్డ్ తల దించి బంతిని చూసుకుంటాడు, తల దించాడంటే పాస్ కోసం వెతకడం ఆపేశాడు. అది చాలు మనకు. రెండోసారి, మూడోసారి వేసిన జాబ్‌కు బంతి చిక్కుతుంది.

బ్లాక్ ట్యాకిల్ అంటే రెండు చేతులతో, స్టిక్‌ను నేలకు దగ్గరగా దించి, ఫోర్‌హ్యాండ్ వైపు దారి మూసేయడం. ఎడమచెయ్యి కిందికి దిగాలి, స్టిక్ ముందుకు వాలి ఉండాలి, లేకపోతే బంతి తగిలి పైకి లేస్తుంది. స్టిక్ పాదాల ముందు కాదు, కుడిపాదానికి బయట. ఇప్పుడు పిల్లలు కూడా బంతిని స్టిక్ మీదుగా ఎగరేసి దాటేస్తున్నారు, కాబట్టి స్టిక్‌ను తొందరపడి నేలమీద పరిచేస్తే వాళ్లకు పండగే. పరచడం అనేది చివరి క్షణంలో, బంతి దగ్గరికి వచ్చేశాక, ఎగరేయడానికి వాడికి చోటు లేనప్పుడు చేసే పని. వాడికి రెండు మీటర్ల దూరం ఉండగానే పరిస్తే వాడే ముందు చూస్తాడు.

రివర్స్ ట్యాకిల్ కష్టం. ఎడమచేత్తో స్టిక్ తిప్పి, కొన కిందికి చూసేలా పట్టుకుని, పక్కనే పరుగెత్తుతున్నవాడి ముందు నుంచి బంతిని ఆపాలి. రూల్ చాలా స్పష్టంగా ఉంది: శరీరం తగలకుండా బంతి ఆడగలిగే స్థానంలో ఉంటేనే ట్యాకిల్ చేయాలి. వెనకబడిపోయి చెయ్యి చాచి వాడి కాళ్ల మధ్య నుంచి స్టిక్ పెడితే విజిల్ ఖాయం, కార్డు కూడా రావచ్చు. అందుకని రివర్స్ ట్యాకిల్‌లో మొదటి సగం పరుగే. వాడి భుజం దాటి మన భుజం వెళ్లాక స్టిక్ దించాలి, అంతకుముందు కాదు. నేను దీనికి వేరే డ్రిల్ ఏమీ పెట్టను, డిఫెండర్‌ను రెండు మూడు మీటర్లు వెనక నిలబెట్టి ఫార్వర్డ్‌ను వదులుతాను, డీలోపు అందుకోవాలి. ఇందులోనే ఇంకో అలవాటు కూడా పడుతుంది. దాటేశాక బంతి వెనక పరుగెత్తకూడదు, బంతికీ గోల్‌కీ మధ్య గీత మీదకు పరుగెత్తాలి. బంతిని తరిమేవాడు ఎప్పటికీ ఒక అడుగు వెనకే ఉంటాడు.

కార్డుల మాట వచ్చింది కాబట్టి. గ్రీన్ కార్డుకు రెండు నిమిషాలు, ఎల్లో కార్డుకు కనీసం ఐదు నిమిషాలు బయట కూర్చోవాలి, రెడ్ అయితే ఆట ముగిసినట్టే. 2024 పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్ చూసినవాళ్లకు ఇది గుర్తుండే ఉంటుంది. గ్రేట్ బ్రిటన్‌తో ఆటలో 17వ నిమిషంలోనే భారత డిఫెండర్ అమిత్ రోహిదాస్‌కు రెడ్ కార్డు వచ్చింది. అరవై నిమిషాల ఆటలో మిగిలిన నలభై పైచిలుకు నిమిషాలూ భారత్ పది మందితోనే ఆడింది. అలాంటప్పుడు మనిషికి మనిషిని కాపలా పెట్టి ఆడలేరు, లెక్క కుదరదు. అందరూ దగ్గరదగ్గరగా సర్దుకుని, పక్కలు వదిలేసి, మధ్యను మూసేశారు. బంతి ఎక్కువసేపు బ్రిటన్ దగ్గరే ఉంది, కానీ వాళ్లు కోరుకున్న చోట లేదు. స్కోరు 1-1 దగ్గర ఆగింది, షూటవుట్‌లో 4-2తో భారత్ గెలిచింది, గోల్ కీపర్ శ్రీజేష్ కొండలా నిలబడ్డాడు. డిఫెన్స్ నేర్చుకునేవాళ్లు ఆ ఆట పూర్తిగా దొరికితే హైలైట్స్ కాకుండా మొత్తం చూడండి, అది కూడా బంతి లేని వైపు ఉన్న డిఫెండర్లను చూడండి. ఎవరు ఎప్పుడు రెండడుగులు లోపలికి జరుగుతున్నారో గమనిస్తే నేను పేజీలకు పేజీలు రాసిన దానికంటే ఎక్కువ అర్థమవుతుంది.

డీ లోపల ఆట వేరు. బయట నేను చెప్పిన ధైర్యాలన్నీ ఇక్కడ సగానికి తగ్గించుకోవాలి. ఎందుకంటే డీలో మన చిన్న తప్పుకు కూడా పెనాల్టీ కార్నర్ (గోల్ పక్క గీత నుంచి బంతి నెట్టి, డీ అంచు నుంచి గోల్‌కు కొట్టే అవకాశం) ఇస్తారు, బంతి మన పాదానికి తగిలితే చాలు. తెలివైన ఫార్వర్డ్ ఇక్కడ గోల్ కోసం కాదు, మన పాదం కోసం ఆడతాడు. బ్యాక్‌లైన్ (గోల్ ఉన్న గీత) పట్టుకుని లోపలికి వచ్చి, ఇద్దరు డిఫెండర్ల కాళ్ల వైపు బంతిని గట్టిగా కొడతాడు. అక్కడ చేయాల్సింది స్టిక్ ముందు, పాదాలు దాని వెనక, బంతి వచ్చే గీత నుంచి కాస్త పక్కకు. అంతే కాదు, 23 మీటర్ల గీత లోపల కావాలని చేసిన ఫౌల్‌కు, డీ బయట అయినా సరే, పెనాల్టీ కార్నర్ ఇస్తారు. దాటిపోతున్నవాడిని స్టిక్ అడ్డం పెట్టి ఆపేస్తే పోలా అనే ఆలోచన అక్కడ అసలు రాకూడదు.

మార్కింగ్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలనుంది. హాకీలో ఆఫ్‌సైడ్ తీసేసి పాతికేళ్లు దాటింది. అంటే ఫార్వర్డ్ మన వెనక, గోల్ కీపర్ పక్కన నిలబడి ఉన్నా రూల్ ప్రకారం తప్పు లేదు. ఇప్పుడు డీలో చాలా గోల్స్ దూరపు పోస్ట్ దగ్గర స్టిక్ అలా పెట్టి దిశ మార్చడం వల్లే వస్తున్నాయి. బంతి కుడిపక్క ఉందని అందరి కళ్లూ కుడిపక్కే ఉంటాయి, ఎడమ పోస్ట్ దగ్గరికి ఒకడు చల్లగా జారుకుంటాడు. డీలో డిఫెండర్ తల ఒకచోట ఆగకూడదు. బంతి, మనిషి, మళ్లీ బంతి, మళ్లీ మనిషి. నిలబడే చోటు కూడా ముఖ్యం: మన మనిషికీ గోల్‌కీ మధ్య ఉండాలి, అదే సమయంలో బంతి వచ్చే దారికి వాడి కంటే మన స్టిక్ దగ్గరగా ఉండాలి. రెండూ ఒకేసారి కుదరకపోతే డీలో నేను స్టిక్‌కే ఓటేస్తాను. వాడి శరీరం ఎక్కడుంటే మనకేం, గోల్ కొట్టేది స్టిక్. వాడి స్టిక్ ముందు మన స్టిక్ ఉండాలి, అలాగని వాడి స్టిక్‌ని కొట్టకూడదు, ఎత్తకూడదు, అది ఫౌల్.

మాట్లాడటం కూడా డిఫెన్స్‌లో భాగమే. మైదానంలో నోరు విప్పని డిఫెండర్ ఎంత బాగా ఆడినా సగం ఆటే ఆడినట్టు నా దృష్టిలో. ముందున్నవాడు బంతి చూస్తుంటాడు, వెనక ఏం జరుగుతోందో వాడికి తెలియదు, వెనక ఉన్నవాడే చెప్పాలి. పెద్ద వాక్యాలు అక్కర్లేదు. ‘హోల్డ్’ అంటే ఆపి ఉంచు, నేను వస్తున్నా. ‘స్టెప్’ అంటే ముందుకెళ్లు, వెనక నేనున్నా. ‘రివర్స్’ అంటే రివర్స్ వైపు ఒకడున్నాడు. గోల్ కీపర్‌కు మైదానమంతా కనిపిస్తుంది కాబట్టి అందరికంటే ఎక్కువ అరవాల్సింది ఆ మనిషే. శ్రీజేష్ ఆట చూస్తే గోల్ ఆపడం ఒక ఎత్తు, ముందున్న నలుగురినీ అరుపులతో జరపడం ఇంకో ఎత్తు. జూనియర్లలో సిగ్గు పడేవాళ్లు ఉంటారు, వాళ్లకోసం నేను చిన్న ఆటలు పెట్టి, మాట్లాడకపోతే ట్యాకిల్ లెక్కలోకి రాదని రూల్ పెడతాను. మొదటి వారం గోలగోలగా ఉంటుంది, తర్వాత ఎవరేం చెప్పాలో వాళ్లకే తెలిసిపోతుంది.

పెనాల్టీ కార్నర్ డిఫెన్స్ గురించి విడిగా రాయాలి, ఇక్కడ అసలు విషయం మాత్రమే. గోల్ కీపర్‌తో కలిపి ఐదుగురే బ్యాక్‌లైన్ వెనక ఉంటారు, మిగతావాళ్లంతా సెంటర్ లైన్ అవతల. బంతిని లోపలికి నెట్టిన క్షణం నుంచి డ్రాగ్ ఫ్లిక్ (బంతిని స్టిక్‌తో ఈడ్చి విసిరే షాట్) బయల్దేరే దాకా రెండు సెకన్లు కూడా పట్టదు. మొదటి రషర్, అంటే గోల్ దగ్గర్నుంచి ఎదురు పరుగెత్తే డిఫెండర్, ఆ టైమ్‌లో ఫ్లిక్ చేసేవాడి మీదకు సూటిగా పరుగెత్తాలి. మాస్క్, గ్లవ్స్, మోకాలి ప్యాడ్లు లేకుండా ఎవరినీ రష్‌కు పంపకండి, ప్రాక్టీస్‌లో అయినా సరే, ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను. రషర్ ఒక వైపు మూయాలి, గోల్ కీపర్ ఇంకో వైపు చూసుకోవాలి, ఎవరిది ఏ వైపో ముందే మాట్లాడుకోవాలి. ఇద్దరూ ఒకే వైపు మూస్తే రెండో వైపు గోల్ ఖాళీ. బంతి కదలకముందే గీత దాటిన డిఫెండర్‌ను సెంటర్ లైన్ అవతలికి పంపేస్తారు, బదులుగా ఇంకొకరు రావడానికి ఉండదు, నలుగురితోనే ఆడాలి. కాబట్టి తొందర ఉండాలి గానీ చూపు నెట్టేవాడి స్టిక్ మీద ఉండాలి. కొట్టే మొదటి షాట్ హిట్ అయితే 460 మిల్లీమీటర్ల కంటే ఎత్తులో గీత దాటకూడదు, అంటే గోల్ అడుగున ఉండే బ్యాక్‌బోర్డ్ ఎత్తు. ఫ్లిక్‌కు ఆ పరిమితి లేదు. రషర్ ఐదు మీటర్ల లోపల ఉండగా మొదటి షాట్ మోకాలి కింద తగిలితే మళ్లీ కార్నర్, మామూలుగా నిలబడిన రషర్‌కు మోకాలికో ఆ పైనో తగిలితే ప్రమాదకరమని మనకు ఫ్రీ హిట్. టోక్యో ఒలింపిక్స్ కాంస్య పోరులో, 2021 ఆగస్టు 5న, భారత్ 5-4తో ముందున్నప్పుడు చివరి సెకన్లలో జర్మనీకి పెనాల్టీ కార్నర్ దొరికింది. నలభై ఒక్క ఏళ్ల తర్వాత హాకీలో ఒలింపిక్ పతకం ఆ ఒక్క కార్నర్ మీద ఆగింది, ఐదుగురు దాన్ని ఆపారు. మన దేశంలో పిల్లలకు డ్రాగ్ ఫ్లిక్ నేర్పించడానికి పెట్టే శ్రద్ధలో సగమైనా రషింగ్ మీద పెడితే బాగుంటుందని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

బంతి చేతికొచ్చాక ఏం చేయాలన్నది కూడా డిఫెన్సే. బంతి గెలవగానే కళ్లు మూసుకుని ముందుకు బాదేస్తే అది ఐదు సెకన్లలో తిరిగి మన మీదకే వస్తుంది, అప్పటికి మనవాళ్లంతా ముందుకు పరుగెత్తి ఉంటారు. గెలిచిన వెంటనే మొదటి అడుగు ఒత్తిడి ఉన్న చోటు నుంచి బయటికి, ఆ తర్వాత తల ఎత్తాలి, ఆ తర్వాత పాస్. సొంత డీ ముందు నుంచి అడ్డంగా పాస్ ఇవ్వొద్దు, మధ్యలో ఎవడైనా అందుకుంటే ఎదురుగా గోలే. సైడ్‌లైన్ వైపు ఆడండి, పోయినా త్రో లాంటి సైడ్ హిట్ పోతుంది, గోల్ పోదు. ఫ్రీ హిట్ దొరికితే మనకు మనమే పాస్ ఇచ్చుకుని కదలొచ్చు, ప్రత్యర్థులు ఐదు మీటర్లు జరగాలి, వాళ్లు సర్దుకునేలోపు మొదలుపెట్టేస్తే సగం ఒత్తిడి పోతుంది.

ఇంట్లో ఒక్కరే ప్రాక్టీస్ చేసుకునేవాళ్లు అడుగుతుంటారు కాబట్టి చెప్తున్నా. ఎడమచేత్తో స్టిక్ పైకొన పట్టుకుని, చెయ్యి పూర్తిగా చాచి, స్టిక్ తల నేలకు రెండు వేళ్ల ఎత్తులో ఉంచి ఆపి చూడండి. మణికట్టు వణకడం మొదలయ్యేదాకా ఆపి, విశ్రాంతి తీసుకుని మళ్లీ. ఆ తర్వాత అదే చేత్తో నెమ్మదిగా జాబ్, వెంటనే వెనక్కి. తర్వాత వంగిన మోకాళ్లతో పక్కలకీ వెనక్కీ చిన్న అడుగులు, దిశ మారుస్తూ, స్టిక్ తల నేలకు దగ్గరగానే. గోడ ఉంటే బంతిని దానికి కొట్టి తిరిగొచ్చినదాన్ని ఒకసారి ఫోర్‌హ్యాండ్‌తో, ఒకసారి రివర్స్‌తో ఆపండి, ఆపిన బంతి స్టిక్ నుంచి అడుగు కంటే దూరం పోకూడదు. తోడు ఒకరు దొరికిన రోజు మాత్రం ఇవన్నీ పక్కన పెట్టి ఒకరిపై ఒకరు ఆడండి: మొదట స్టిక్ లేకుండా, తర్వాత జాబ్ మాత్రమే అనుమతించి, చివర్లో అన్ని ట్యాకిల్స్‌తో. ముగ్గురు ఉంటే ఇద్దరు అటాకర్ల మీద ఒక్క డిఫెండర్, అక్కడ గెలుపంటే బంతి తీసుకోవడం కాదు, వాళ్లు డీ చేరడానికి ఎన్ని సెకన్లు ఎక్కువ పట్టించగలిగారన్నదే. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఆ సెకన్లు రాసుకోండి, వారం తర్వాత మళ్లీ అదే ఆట ఆడి పక్కన పెట్టి చూసుకోండి.